ఈలగుట్ట బండసందులో

గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది అయిదుగురు. పరుపుబండ మీదికి చేరింది నలుగురే.

పది రోజుల్లో ఈ బండ మీదే వైష్ణవికీ రిత్విక్‌కీ పెళ్లి. జగిత్యాలలో రైసు మిల్లులున్న గోపాల్ రావు ఒక్కగానొక్క కూతురు వైష్ణవి. ఫంక్షన్ హాలు వద్దని, రుద్రంగికీ కోనరావుపేటకూ మధ్యనున్న ఈలగుట్ట మీద పొద్దుపొడుపు వేళ తాళి కట్టించుకుంటానని తండ్రితో పోట్లాడి ఒప్పించుకుంది. రెండు వందల మందిని గుట్ట ఎక్కించి క్షేమంగా దించే పని లావణ్యది. సిరిసిల్లలో గది తీసుకుని, జనాన్ని గుట్టలెక్కించడమే బతుకుదెరువుగా చేసుకున్న ఆమెకు ఇంత పెద్ద పని దొరకడం ఇదే మొదటిసారి. దారి చూపించడానికి వధూవరులను వెంటబెట్టుకుని ఈ పొద్దున ఎక్కింది. వాళ్లతో పాటు, ఎవరూ పిలవకపోయినా, వైష్ణవి మేనత్త చంద్రకళ వచ్చింది. అరవై ఒక్క ఏళ్ల మనిషి. కోరుట్లలో ముప్ఫై ఏళ్లు టీచరుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. సగం దారిలో పొగమంచు కమ్మింది. ముందు నడిచేవాళ్ల వీపులు కూడా కనబడనంతగా కమ్మింది. అది కాస్త పలచబడి, లావణ్య తలలు లెక్కపెట్టుకునేసరికి వరసలో చివరి మనిషి లేదు.

“అత్తమ్మకు మోకాళ్ల నొప్పులక్కా,” అంది వైష్ణవి. “గీ మంచుల ఎటు పోతదామె?”

“ఎటు పోదు. దొరుకుతది. నువ్వు కూసో,” అంది లావణ్య. తనతో పాటు గైడుగా పనిచేసే సంపత్‌ను పక్కకు పిలిచింది. “నేనొచ్చేదాక ఈ బండ మీదికెళ్లి ఒక్కరు సుత కదలద్దు. మంచు తేలిపోయినా సరే. వాకీటాకీ చేతులనే పట్టుకో.”

“నేను రావాల్నా?”

“వద్దు. వీళ్లను ఇడిసిపెట్టకు.”

తాడూ హెల్మెట్టూ ఉన్న సంచిని భుజాన వేసుకుని ఆమె వచ్చిన దారినే దిగింది.

టైము తొమ్మిది కావస్తోంది. మామూలు రోజుల్లో ఈ వేళకు గుట్టంతా కముజు పిట్టల అరుపులతో మారుమోగుతుంది. ఇవాళ ఒక్క పిట్ట లేదు. టేకు ఆకుల మీద నుంచి మంచు బొట్లుబొట్లుగా రాలుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. “మేడమ్!” అని లావణ్య గట్టిగా పిలిచింది. నోటికి దూది అడ్డం పెట్టుకుని అరిచినట్టు, ఆ పిలుపు తన ముఖం ముందే ఆగిపోయింది. రెండోసారి పిలవబుద్ధి కాలేదు.

మూడో మలుపు దగ్గర అడుగులు దొరికాయి. తడిసిన గడ్డి అణిగి, మంచు బొట్లు రాలిపోయి, నల్లగా కనిపిస్తున్నాయి. దారి తప్పిన మనిషి అడుగులెలా ఉంటాయో లావణ్యకు బాగా తెలుసు. ఆగుతాయి, వెనక్కి తిరుగుతాయి, ఒకేచోట గుండ్రంగా తొక్కుతాయి. ఇవి అలా లేవు. కాలిబాట విడిచి, సీతాఫలం పొదల నడుమ నుంచి, ఎక్కడా తడబడకుండా నేరుగా పోయాయి. అటువైపు బాట లేదు. ఎప్పుడూ ఉన్నట్టు కూడా లేదు. కానీ నడిచిన మనిషికి ఎటు పోవాలో తెలుసు.

వంద గజాలు పోయేసరికి బండసందు వచ్చింది.

ఏనుగంత బండలు రెండు, వాటి మధ్య బారెడు వెడల్పు సందు. లోపల ఎంత లోతుందో పైనుంచి కనబడదు. నెల కిందట లావణ్య తన డ్రోనుకు లైటు కట్టి ఈ సందులోకి దింపి వీడియో తీసింది. సిరిసిల్ల చుట్టుపక్కల కుర్రాళ్లు ఆ వీడియోను తెగ చూశారు. పెళ్లిరోజు ఈ వైపుకు ఎవరూ రాకుండా అడ్డంగా తాళ్లు కట్టాలని అప్పుడే అనుకుంది.

సందు అంచున చంద్రకళ కూర్చుని ఉంది. బూట్లు విప్పి, ఒకదాని పక్కన ఒకటి పెట్టింది, గుడి ముందు విడిచినట్టుగా. కాళ్లు సందులోకి వేలాడుతున్నాయి.

“వచ్చినవా?” అంది, వెనక్కి తిరగకుండానే. “కూసో బిడ్డా.”

చప్పుడు చేయకుండా వెళ్లి, ముందు ఆమె జబ్బ పట్టుకుంది. పట్టు దొరికాక కోపం వచ్చింది.

“ఏంది మేడమ్ గిది? చెప్పకుండ వరుస ఇడిసి వస్తె ఎట్ల? కాలు జారితె ఏమైతుండె? వైష్ణవి ఆడ ఏడుస్తున్నది. లేవుండ్రి, పోదాం.”

“పోదాం. ముందుగాల నాకొక పని చేసిపెట్టు. తాడు తెచ్చినవు గద. గీ సందుల దిగు.”

“ఎందుకు?”

చంద్రకళ షాలు లోపల నుంచి ఫోను తీసింది. తెరమీద లావణ్య తీసిన వీడియోనే ఉంది. డ్రోను లైటు లోపలి గోడ మీద పడిన ఒక్క క్షణం దగ్గర ఆపి ఉంది. చంద్రకళ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేసింది. మసకమసకగా రాయి. రాయి మీద తెల్లటి గీతలు.

“చదువు.”

ఆ వీడియోను కత్తిరించి అతికించింది లావణ్యే. ఇరవై సార్లు చూసి ఉంటుంది. ఈ గీతలు ఒక్కసారి కూడా కంటబడలేదు. కళ్లు చికిలించి కూడబలుక్కుంది.

“చం... ద... ర. చందర.”

“చంద్ర. నా పేరు. ద కింద రవొత్తు ఇయ్యరాక దర అని రాసేటోడు. ఎన్నిసార్లు దిద్దించినా గట్లనే రాసేటోడు. మా ఇంటెనక పసుల కొట్టంల, పలక మీద, నేనే నేర్పిన ఆయినకు అక్షరాలు.”

“ఎవరికి?”

చంద్రకళ అప్పుడు మొదటిసారి తల తిప్పి చూసింది. “మీ పెద్దబాపుకు. సమ్మయ్యకు.”

లావణ్య ఫోను తెర మీది నుంచి తల ఎత్తింది.

ఆమె తండ్రి ఏసుబాబుకు ఒక అన్న ఉండేవాడు. తను పుట్టకముందే మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు పోయి తిరిగి రాని మనిషిగానే సమ్మయ్య ఆమెకు తెలుసు. ఇంట్లో ఫోటో కూడా లేదు. గుట్ట కింది ఊళ్లో రెండు తరాలు గోపాల్ రావు వాళ్లింట్లో జీతమున్న కుటుంబం వాళ్లది. సమ్మయ్య కూడా ఆ ఇంటి పసుల దగ్గరే పెరిగాడని నాయినమ్మ భూమవ్వ చెప్పేది. అంతకుమించి ఎవరూ ఏమీ చెప్పలేదు.

“మా పెద్దబాపు భీవండికి పోయిండు మేడమ్.”

“గట్లనే చెప్పిన్రు. నాకు సుత గట్లనే చెప్పిన్రు.” చంద్రకళ కొంగుతో ముఖం మీది మంచు తుడుచుకుంది. “వైష్ణవి పెండ్లి చేసుకుంటనంటున్నదే, గా బండ మీదనే మా పెండ్లయింది. నలభై ఒక్క ఏండ్లయింది. గిట్లనే మంచు. గిదే నెల. పసుపుకొమ్ము దారానికి కట్టుకొని ఆయినే తెచ్చిండు. పంతులు లేడు, పాస్టరు లేడు. మేమిద్దరమే. కట్టిండు. అంతే పెండ్లి.”

ఆమె మంచులో పరుపుబండ ఉన్న వైపు తల తిప్పింది.

“వైష్ణవికి ఇయన్ని తెల్వయి. ఎవరు చెప్పలే. ఎన్ని గుట్టలు లేవు లావణ్యా మన దిక్కు? ఎన్ని బండలు లేవు? అది వచ్చి వచ్చి గదే బండ మీద నిలవడి ‘ఈడనే’ అన్నదట. ఎట్ల అన్నదో నాకిప్పటికి సమజైతలేదు.”

“తర్వాత ఏమైంది?”

“కింద మనుషుల మాటలినవడ్డయి. మా అన్న, గదే వైష్ణవి బాపు, ఇంక ఇద్దరు జీతగాండ్లు. ‘నువ్వీడనే ఉండు చంద్రా, వాళ్లను అటు దిక్కు తీస్కపోత’ అన్నడు. మంచులకు ఉరికిండు. గదే ఆఖరు. కొంచెం సేపటికి మా అన్న ఒక్కడే బండ మీదికి వచ్చిండు. కొట్టలే. తిట్టలే. పక్కన కూసున్నడు. గప్పుడు విన్నం. ఇద్దరం విన్నం.”

“ఏం విన్నరు?”

“పిలుపు. ‘చంద్రా’ అని. గీ దిక్కుకెళ్లి.”

లావణ్య చూపు సందులోకి పోయింది. లోపలి చీకట్లోంచి వెచ్చటి గాలి పైకి తన్నుతోంది. బయట ఎముకలు కొరికే చలి.

“గీ గుట్టకు ఈలగుట్ట అని పేరెందుకు వచ్చిందో నీకెరుకేనా?” అంది చంద్రకళ.

“బండల నడుమ గాలి ఈలేసినట్టు సప్పుడైతదని. వచ్చినోళ్లందరికి గదే చెప్త.”

“కాదు. పసులు కాసేటోళ్లు గీడ ఒకల్నొకలు పేరు పెట్టి పిలువరు. ఈలేస్తరు. ఎవరన్న పేరు పెట్టి పిలిచిన్రంటె అది మనిషి కాదని, పలుకద్దని. మా కొట్టంల పనిచేసేటోళ్లందరికి ఎరుకే. మీ బాపు నీకెన్నడు చెప్పలేదా?”

ఏసుబాబు ఈ గుట్ట ఊసే ఎత్తేవాడు కాదు. ఈ పెళ్లిపని ఒప్పుకున్నానని చెప్పిన రోజు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. రెండు రోజులు కూతురితో మాట్లాడలేదు. ఎందుకని అడిగితే “నీ ఇష్టం బిడ్డా” అన్నాడు, అంతే. లావణ్య ఆ సంగతి చంద్రకళకు చెప్పలేదు.

“పిలుపు వినంగనే నేను లేచిన,” అంది చంద్రకళ. “మా అన్న భుజం పట్టుకున్నడు. ‘పలుకకు. అది వాడు కాదు’ అన్నడు. ఆయినకు సుత చేతులు వణుకుతున్నయి. మల్లొక్కపాలి పిలిచింది. నేను పలుకలే.”

“రెండుసార్లు పిలిస్తె పలుకలేదా?”

“పలుకలే.”

“డిగ్రీ చదువుకుంటున్న మనిషి,” లావణ్య గొంతు తనకు తెలియకుండానే పెరిగింది. “తాళి కట్టినోడు పిలుస్తుంటె దయ్యమనుకొని కూసున్నరా? మా నాయినమ్మ సచ్చేదాక భీవండి బస్సు వచ్చిన దినమల్ల అడ్డమీదికి పోయి నిలవడ్డది మేడమ్. దిగినోళ్లనల్ల పట్టుకొని ‘మా సమ్మిగాన్ని చూసిన్రా’ అని అడిగింది. మూడేండ్ల కింద పానం పోయేటప్పుడు సుత తలుపు పెట్టనియ్యలే. కొడుకొస్తడని.”

చంద్రకళ తల దించుకోలేదు. “అను. ఇంకా అను. నలభై ఏండ్ల సంది నన్నెవరు ఒక్కమాట అనలే.”

లావణ్య ఆమె పక్కనే బండ మీద కూర్చుంది.

“భీవండికి ఉరికిండంటె నమ్మిన. నమ్మితె కోపం చేసుకోవచ్చు. కోపం తోటి ఎన్నేండ్లయినా బతుకచ్చు బిడ్డా. నీ వీడియో చూసినంక గా కోపం సుత లేకుంట పోయింది. ఆయిన ఎటు పోలే. గీడ పడ్డడు. పడి నన్ను పిలిచిండు. నేను పలికితె బతికెటోడు.” ఆమె ఫోను పక్కన పెట్టి, లావణ్య చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఆ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయి. “ఆడ ఇంకేం రాసిండో నాకు తెల్వాలె. దిగి చదివి చెప్పు. నా కోసం వద్దు. మీ నాయినమ్మ కోసం దిగు.”

ఒంటరిగా ఎక్కడికీ దిగకూడదు. భువనగిరిలో తాళ్లతో బండలెక్కడం, దిగడం నేర్చుకున్నప్పుడు మొదటి రోజే ఆ మాట నేర్పారు. తన దగ్గరికొచ్చే కుర్రాళ్లకు లావణ్య కూడా అదే నేర్పుతుంది. సంపత్‌ను పిలిస్తే అక్కడ పెళ్లివాళ్లిద్దరూ ఒంటరిగా మిగులుతారు. పోనీ అందరినీ దించేసి, రేపు మనుషులతో వద్దామంటే, గోపాల్ రావుకు తెలిశాక ఆ రేపు వస్తుందన్న నమ్మకం లేదు.

ఆమె వాకీటాకీ తీసింది. “సంపత్, మేడమ్ దొరికింది. మంచిగనే ఉన్నది. అరగంట పడతది. మీరు గాడనే ఉండుండ్రి.”

“సరే అక్కా. ఈడ మంచు మల్ల దట్టమైతున్నది,” అన్నాడు సంపత్.

రెండు బండలకూ తాడు వేసి, మూడుసార్లు గుంజి చూసుకుంది. నడుముకు బెల్టు బిగించి, హెల్మెట్ లైటు వేసుకుంది. “మీరు అంచుకు రాకుండ్రి. నేను పైకి వచ్చేదాక కదలద్దు,” అని చంద్రకళను నాలుగడుగులు వెనక్కి జరిపి కూర్చోబెట్టి, సందులోకి దిగింది.

పది అడుగులు దిగేసరికి మంచు ఆగిపోయింది. గీత గీసినట్టు ఆగిపోయింది. పైన తెల్లటి కప్పు, కింద పొడి చీకటి. గాలి వెచ్చగా, ఎవరో ఇప్పుడే నిద్రలేచి బయటికి పోయిన గదిలో ఉన్నట్టుంది. గబ్బిలాల వాసన వస్తుందనుకుంది. రాలేదు. ఏ వాసనా లేదు. ఇరవై అయిదు అడుగుల దగ్గర కాళ్లకు నేల తగిలింది.

ఆయాసం తీర్చుకోవడానికి నిలబడింది. ఇరుకు కావడంతో తన ఊపిరి చప్పుడు తనకే పెద్దగా వినిపిస్తోంది. పీల్చడం, వదలడం. పీల్చడం, వదలడం. వదిలిన ప్రతిసారీ గోడకు తగిలి కాస్త ఆలస్యంగా తిరిగొస్తోంది. లావణ్య ఊపిరి బిగబట్టింది.

ఊపిరి చప్పుడు ఇంకొక్కసారి వచ్చి, అప్పుడు ఆగింది.

“గాలి. గాలే,” అని పైకే అనుకుంది. తల తిప్పి లైటు గోడ మీదికి వేసింది.

అక్షరాలు ఆమె కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. ఒక్కొక్కటి అరచేయంత. ‘చందర’. బడికి కొత్తగా వెళ్లే పిల్లలు రాసినట్టు వంకరటింకరగా, కానీ గట్టిగా, లోతుగా గీసిన అక్షరాలు. వాటి కింద నాలుగు నిలువు గీతలు. ఒక్కొక్క గీత మధ్య ఒకే దూరం. లావణ్య వేలితో మొదటి గీతను తడిమింది. వేలికి తెల్లటి పొడి అంటింది. కిందికి చూస్తే గోడ మొదట్లో కూడా అదే పొడి, ముగ్గుపిండి రాలినట్టు సన్నగా రాలి ఉంది. ఇన్నేళ్ల పొడి ఇంకా ఇలా ఉండటమేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఇక్కడికి వాన రాదు కదా అని సర్దిచెప్పుకుంది.

నాలుగు గీతలు. అవి దేనికి లెక్కో ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు.

వెనక్కి తిరిగితే రాళ్లకుప్ప కనబడింది. పైనుంచి పడిన రాళ్లు కావు. చిన్నవి కింద, పెద్దవి పైన, ఎక్కడా సందు లేకుండా ఓపికగా పేర్చిన రాళ్లు. పొడవు ఒక మనిషంత. తల ఉండవలసిన చోట ఒక పలక రాయి. దాని మీద సిలువ. సిలువ నాలుగు కొసలకూ నాలుగు చిన్న చుక్కలు.

లావణ్య లైటును ఆ చుక్కల మీదే నిలిపింది.

ఆ సిలువను ఆమె పుట్టినప్పటి నుంచీ చూస్తోంది. వాళ్లింటి దర్వాజా మీద, నాయినమ్మ సమాధి రాయి మీద, అదే సిలువ, అవే నాలుగు చుక్కలు. చుక్కలెందుకు బాపూ అని చిన్నప్పుడు అడిగితే, “అన్న గట్ల వేస్తుండె, నాకు గదే అలవాటయింది” అన్నాడు ఏసుబాబు. వాళ్లకు తెలిసి ఊళ్లో ఇంకెవరూ అలా చెక్కరు.

ఎలా పైకి వచ్చిందో ఆమెకు సరిగా గుర్తు లేదు. చేతులు చెక్కుకుపోయాయి. అంచు మీద పడి రొప్పుతుంటే చంద్రకళ దగ్గరికొచ్చి వీపు నిమిరింది. అడగలేదు. ఎదురుచూసింది.

“మీ పేరే ఉంది,” అంది లావణ్య.

“ఇంకా?”

“ఇంకేం లేదు.”

“నేను ముప్ఫై ఏండ్లు పిల్లలకు చదువు చెప్పిన. అబద్ధమాడితె మొఖం చూసి చెప్త.”

లావణ్య కళ్లు మూసుకుంది. “నాలుగు గీతలున్నయి మేడమ్. గోడ మీద. దినానికొకటి గీసినట్టు.”

చంద్రకళ ముఖంలో ఏ మార్పూ రాలేదు. పెదాలు మాత్రం కదిలాయి, లెక్క సరిచూసుకుంటున్నట్టు.

“నాలుగు దినాలు,” అంది. “నన్ను జగిత్యాలకు తోలింది అయిదోనాడు. గా నాలుగు దినాలు నేను ఊర్లెనే ఉన్న లావణ్యా. మా మేడ మీది గదిల. కిటికీల కెళ్లి గుట్ట కనవడుతుండె.”

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని లావణ్యకు అనిపించింది. ఇందాక తను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ చెప్పవలసింది ఇంకా ఉంది.

“ఆయినను ఎవరో పూడ్చిపెట్టిన్రు మేడమ్. రాళ్లు పేర్చి, సిలువ గీసిన్రు. ఎవరు గీసిన్రో నాకెరుకే.”

ఫోనులో సిగ్నల్ రెండు గీతలుంది. చెక్కుకుపోయిన వేళ్లతో రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారి తండ్రికి కలిపింది. స్పీకర్ పెట్టి, ఫోనును ఇద్దరి మధ్య బండ మీద ఉంచింది. అటువైపు మొదటి రింగుకే ఎత్తారు, ఫోను చేతిలో పట్టుకుని కూర్చున్నట్టుగా.

“బాపూ.”

“చెప్పు బిడ్డా.”

“పెద్దబాపు ఈలగుట్ట బండసందుల ఉన్నడని నీకెరుకేనా?”

అటువైపు దగ్గు వినబడింది. అరవై దాటిన మనిషి పొడిదగ్గు.

“సందుల దిగినవా?” అన్నాడు ఏసుబాబు.

“దిగిన.”

“పైకి వచ్చినవా?”

“వచ్చిన.”

“దేవునికి స్తోత్రం.”

“గదొక్కటేనా నువ్వు చెప్పేది?” లావణ్యకు దుఃఖం తన్నుకొచ్చింది. “నాయినమ్మ అంతగనం ఏడుస్తుంటె ఎట్ల ఊకున్నవ్ బాపూ? భీవండి కెళ్లి వచ్చినోళ్ల కాళ్లు పట్టుకుంటుంటె ఎట్ల చూసినవ్? పెద్దబాపు నాలుగు దినాలు పానం తోటి ఉండె ఆ సందుల. గోడ మీద రాసుకున్నడు. నువ్వు ఎన్నో దినం పోయినవ్? అయిదోనాడా? అన్నీ అయిపోయినంకనా?”

“ఏం రాత?” అన్నాడు ఏసుబాబు.

ఆ గొంతులో ఏదో మారింది. లావణ్య కళ్లు తుడుచుకుంది.

“గోడ మీద రాత బాపూ. చందర అని. దాని కింద నాలుగు గీతలు.”

“గోడ మీద రాత లేదు బిడ్డా.”

“నేను చూసిన. చేత్తోని తాకిన.”

“లేదు. నేను పూడ్చిననాడు లేదు.” ఏసుబాబు ఒక్కొక్క మాటా కూడదీసుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు. “అయిదోనాడు కాదు. గా పొద్దే నేను గుట్ట మీద ఉన్న. కావలి ఉండమని అన్ననే తోల్కచ్చిండు. దొరలొచ్చినంక ఆ మంచుల ఉరికొచ్చి, కాలు తప్పి, నా కండ్ల ముంగటనే ఆ సందుల పడ్డడు. తీగెలు పట్టుకొని దిగిన. మెడ ఇరిగి ఉండె. పడంగనే పోయిండు. నాలుగు దినాలు కాదు, నాలుగు నిమిషాలు సుత బతుకలే.”

చంద్రకళ ముందుకు వంగింది. “ఏసుబాబూ. నేను చంద్రకళను.”

“దొరసానీ,” అన్నాడు ఏసుబాబు, నలభై ఏళ్ల కిందటి గొంతుతో.

“అట్ల అనకు. నేను అడిగిందానికి చెప్పు. పడంగనే పోతె నన్నెట్ల పిలిచిండు? రెండుసార్లు పిలిచిండు. నేను విన్న. మా అన్న విన్నడు.”

“నేను సుత విన్న.”

గుట్ట మీద గాలి లేదు. మంచు వాళ్లిద్దరి చుట్టూ కదలకుండా నిలబడి ఉంది.

“అన్న తల నా ఒళ్లె పెట్టుకొని సందుల కూసున్న,” అన్నాడు ఏసుబాబు. “చల్లవడుతున్నది. ఏడుస్తె దొరలకు ఇనవడతదని తువాల నోట్లె కుక్కుకున్న. గప్పుడు పిలిచింది, ‘చంద్రా’ అని. అన్న గొంతే. సందు మీద, మా నెత్తి మీద నిలవడి పిలిచినట్టుంది. అన్నేమో నా ఒళ్లె ఉన్నడు.”

చంద్రకళ రెండు చేతులూ బండకు ఆనించింది.

“ఆయిన కాదా?” అంది. “నేను పలికినా...?”

“పలికినా అన్న బతికెటోడు కాదు. మీరు పలుకకుండ మంచిపని చేసిన్రమ్మా.”

అప్పుడు ఏడ్చింది చంద్రకళ. నలభై ఒక్క ఏళ్లుగా కోపమనీ, నెల రోజులుగా పాపమనీ మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగిపోయి, నోరు తెరిచి, చిన్నపిల్లలా గట్టిగా ఏడ్చింది. లావణ్య ఆమెను పొదివి పట్టుకుంది. తన భుజం తడిసిపోతున్నా కదలలేదు. ఇందాక ఈ మనిషి మీదేనా తను అంతగా అరిచింది అనిపించింది. ఒక చేత్తో ఆమె తల నిమురుతూనే, రెండో చేతి వేలికి ఇంకా అంటి ఉన్న తెల్లటి పొడిని చూసింది. తుడుచుకుంటే పోలేదు.

“బాపూ,” అంది నెమ్మదిగా. “పిలిచింది ఎన్నిసార్లు?”

అటువైపు మళ్లీ పొడిదగ్గు వినబడింది.

“బాపూ. రెండుసార్లు మేడమ్‌ను పిలిచింది. ఆమె పలుకలే. గంతేనా? ఊకున్నదా?”

“మూడోసారి పిలిచింది,” అన్నాడు ఏసుబాబు. “ఆమెను కాదు. ‘తమ్మీ’ అన్నది.”

చంద్రకళ ఏడుపు ఆగిపోయింది.

“నువ్వు పలుకలే గద?”

“ఇరవై ఏండ్లోన్ని బిడ్డా. ఒళ్లె అన్న శవం. పైన అన్న గొంతు. పలికిన.”

లావణ్య ఫోను చేతిలోకి తీసుకుంది. స్పీకర్ తీసేసి చెవికి ఆనించుకోవాలనిపించింది. చంద్రకళ వద్దన్నట్టు ఆమె మణికట్టు పట్టుకుంది.

“పలికితె ఏమన్నది?”

“మాటియ్యమన్నది. ఇచ్చిన. ఎవ్వలకు చెప్పద్దన్నది, చెప్పలే. గందుకే మా అవ్వకు సుత చెప్పలే. ఆమె బస్సు కాడికి పోయినప్పుడల్ల నేను ఇంటెనకకు పోయి నెత్తి గోడకు కొట్టుకున్న. గని మాట తప్పలే.” నాయినమ్మను పూడ్చినరోజు కూడా తండ్రి ఏడవడం లావణ్య చూడలేదు. ఇప్పుడు ఫోనులో ఆ ఏడుపు వినబడుతోంది, ఎక్కడో లోపల తెగిపోయినట్టు. “గదొక్క మాటయితె బాగుండు బిడ్డా.”

“ఇంకో మాట ఇచ్చినవా?”

“ఇచ్చిన.”

“ఏం ఇస్తనన్నవ్ బాపూ?”

ఏసుబాబు ముక్కు చీదుకున్నాడు.

“అప్పటికి నువ్వింకా పుట్టలే బిడ్డా,” అన్నాడు.